మా వాడు తొమ్మిదో తరగతి. "సార్ చెప్పట్లేదు" అంటాడు, అది నిజమే. మరి మార్కుల సంగతి ఎవరు చూడాలి?

గుణుపూర్_నాన్న
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గుణుపూర్, బజార్లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఇంట్లో తెలుగు, పిల్లలకి బడిలో ఒడియా మీడియం. పెద్దవాడు ఏడో తరగతి దాకా క్లాసులో ముందు వరసలోనే ఉండేవాడు. ఈసారి అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల్లో వందకి 31, సైన్సులో 44. ఏంట్రా ఇది అంటే ఒకటే మాట: "సార్ చెప్పట్లేదు నాన్నా, నేనేం చెయ్యను?"

నా చిక్కంతా ఇక్కడే. వాడు అబద్ధం ఆడట్లేదు. మిగతా పిల్లల తల్లిదండ్రులనీ అడిగాను. జ్యామితి చెప్పే మేడం బదిలీ అయ్యాక ఆ పోస్టు ఖాళీగా ఉంది. బీజగణితం సారు గైడు చూసి బోర్డు మీద ఎక్కిస్తారు, పిల్లలు నోట్సులోకి దించుకుంటారు, ఈలోగా గంట కొడతారు. డౌటు అడిగితే "ముందు రాసుకో" అంటారట.

నీదే తప్పని తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. అలాగని సరేలే అని ఊరుకుంటే వచ్చే ఏడు మెట్రిక్, అంటే పదో తరగతి బోర్డు పరీక్ష. మా ఒడిశా వాళ్లకి ఆ పరీక్ష పెట్టే కటక్ బోర్డులో మొత్తం మీద 33 శాతం రాకపోతే ఎఫ్ గ్రేడే, అంటే ఫెయిలే. సాయంత్రాలు ఫోనూ, క్రికెట్టూ మామూలే. వాడిని ఎలా దారిలో పెట్టాలి? ట్యూషన్ పెట్టించనా, హెడ్మాస్టారిని కలవనా, బడి మార్చనా?

మహేంద్రగిరి
ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో. మా కాలంలో మాత్రం ఎవరు చెప్పారండీ? ఫోను లాక్కోండి, అన్నీ అవే వస్తాయి.

జయపురం_అక్క
మహేంద్రగిరి గారూ, మద్దెల నిజంగానే ఓడని తండ్రే చెప్తున్నారు కదా. పిల్లాడు ఉన్నమాట చెప్తే మనం సామెత విసిరాం అనుకోండి, రేపటి నుంచి వాడు ఉన్నమాట చెప్పడం మానేస్తాడు. అది 31 మార్కుల కంటే పెద్ద నష్టం.

గుణుపూర్ అన్నయ్యా, మీరు ముందు వాడితో "అవును, సార్ చెప్పట్లేదు, నేనూ కనుక్కున్నాను" అనండి. ఈ మాట వినేదాకా వాడి బుర్రంతా సారు తప్పని నిరూపించడం మీదే ఉంటుంది. మీరు ఒప్పేసుకుంటే వాడికి వాదించడానికి ఏమీ మిగలదు.

తర్వాత జవాబు పత్రం ముందు పెట్టుకోండి. బడిలో చూపించి వెనక్కి తీసుకుని ఉంటే ప్రశ్నపత్రమైనా ఉంటుంది. పోయినవి 69 మార్కులు. ఆ 69నీ మూడు వాటాలు వెయ్యమనండి. అసలు చెప్పని పాఠాల్లో పోయినవి ఒక వాటా. చెప్పినా, పుస్తకంలో ఉన్నా వీడు కూర్చుని చెయ్యనివి రెండోది. తెలిసీ గుర్తు తప్పేసి, కూడిక తప్పేసి పోగొట్టుకున్నవి మూడోది. పెన్ను వాడి చేతిలోనే ఉండాలి. మీరు పక్కన కూర్చున్నా నోరు విప్పకూడదు, ఇదే కష్టం. మా ఇంట్లో మా ఆయన చేత ఆ పని చేయించడానికి ఆయన్ని బజారుకి పంపెయ్యాల్సి వచ్చింది.

గుణుపూర్_నాన్న
జవాబు పత్రం చూపించి తీసేసుకున్నారట అక్కా. ప్రశ్నపత్రం ఉంది. ఆదివారం కూర్చోబెడతాను.

పర్లాకిమిడి_తాతయ్య
ఏటి బాబూ, మన పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉండేవారు కదా, ఆయన సంగతి సెప్పండి ఆ గుంటడికి. చిన్న వయసులోనే మా ఊరి బడిలో ఉపాధ్యాయుడిగా చేరి, ఉద్యోగం సేసుకుంటూనే ప్రైవేటుగా పై పరీక్షలన్నీ రాసి పాసయ్యారు. ముఖలింగం గుడి మీద శాసనాలు చదవడం తనంతట తానే నేర్చారు. సవర భాషకి పుస్తకం లేదు, మాస్టారూ లేరు. సవరవాళ్లని కూర్చోబెట్టి అడిగి నేర్చుకుని, ఆళ్ల భాషకి నిఘంటువు రాశారు. మాస్టారు సెప్పలేదని ఆయన ఆగారేటి?

ప్లస్‌టూ_రాయగడ
తాతయ్యా, నేను ప్లస్ టూ రెండో సంవత్సరం సైన్సు. ఆయన గొప్పవాడే, కాదన్ను. కానీ ఇంట్లో మహానుభావుల కథ మొదలవగానే మేం కంచం పట్టుకుని పక్క గదిలోకి పోతాం. అది మా కోసం చెప్పే కథ కాదని, మమ్మల్ని చిన్నచెయ్యడానికి చెప్పేదని మాకు తెలుస్తుంది. విశాఖలో కార్పొరేట్ కాలేజీలో చదివే పెదనాన్న కొడుకు కథ కూడా ఆ బాపతే.

అంకుల్, మాకూ పదో తరగతిలో సైన్సు సారు లేరు. నేనూ ఇదే పాట పాడేవాణ్ని. మెట్రిక్ అయ్యాక ప్లస్ టూ సీటు కోసం ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల వెబ్‌సైటు శామ్స్ పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టేటప్పుడు అర్థమైంది. అందులో మార్కులు వెయ్యడానికి గడులున్నాయి. మా సారు ఎలాంటివాడో రాయడానికి గడి లేదు. మెరిట్ లిస్టులో బాగా చెప్పిన బడి పిల్లలూ మేమూ ఒకే వరసలో. ఇది అన్యాయమే, కానీ లిస్టు తయారయ్యేది అలాగే. మీ వాడికి ఇది మీరు చెప్తే లెక్చర్ అవుతుంది. వీధిలో ఎవరైనా ప్లస్ టూ అన్నయ్య ఉంటే వాడి చేత ఆ ఫారం తెరిచి చూపించమనండి.

పర్లాకిమిడి_తాతయ్య
సరే మనవడా, కథ సెప్పనులే. అడిగి నేర్చుకోవడం అన్న ముక్క మాత్రం ఉంచుకోండి.

గెస్ట్_మాస్టారు
నేను అటువైపు మనిషిని, రాయగడ జిల్లాలోనే ఒక హైస్కూల్లో గెస్ట్ టీచర్ని. తిట్టే ముందు ఇది కూడా వినండి. నేను చదివింది కెమిస్ట్రీ. చెప్పేది సైన్సు, లెక్కలు, ఖాళీ ఉంటే ఇంగ్లీషు కూడా. నేను బాగా చెప్పలేని పాఠాలున్నాయని నాకు తెలుసు, పిల్లలకీ తెలుసు. గైడు చూసి ఎక్కించే సారుని వెనకేసుకు రావట్లేదు. ఆయన కూడా ఆ పాఠం రాక అలా చేస్తుండొచ్చు.

అందుకే పిల్లాడికి అడిగే పద్ధతి నేర్పించండి. "సార్, అర్థం కాలేదు" అని లేస్తే, రాని సారుకి అది పాఠమంతా మళ్లీ చెప్పమన్నట్టు వినిపిస్తుంది. భయంతో "కూర్చో" అంటాడు. అదే "సార్, ఈ లెక్కలో రెండో వరస దాకా నాకొచ్చింది, మూడో వరసలో ఈ గుర్తు ఎందుకు మారింది?" అని నోట్సు పట్టుకుని, అది కూడా గంట కొట్టాక విడిగా అడిగితే, ఎంత చేతకాని సారైనా ఆ ఒక్క వరస చెప్పగలడు. చెప్పలేకపోతే రేపు చెప్తానంటాడు, రాత్రి చూసుకుని వస్తాడు. నేను అలా చూసుకుని వచ్చినవే ఎక్కువ.

ఆ ప్రశ్న వెయ్యాలంటే పిల్లాడు ముందు రెండో వరస దాకా సొంతంగా చేసి ఉండాలి. చదువు సగం అక్కడే అయిపోతుంది.

మహేంద్రగిరి
మాస్టారూ, జీతం తీసుకుని పాఠం రాదంటే ఎలాగండీ?

గెస్ట్_మాస్టారు
జీతం ఎంతో ముందు కనుక్కుని అడగండి సార్.

బల్లార్షా_అమ్మ
మేం మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా మామగారు పేపర్ మిల్లు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అమ్మాయి మరాఠీ మీడియం, పోయినేడు పది అయింది. ఇక్కడ లెక్కలు రెండు పేపర్లు, బీజగణితం 40, జ్యామితి 40, ఇంకో 20 బడిలోనే వేస్తారు. 35 వస్తే పాస్. మా అమ్మాయి దగ్గర ఇంకో సాకు ఉండేది. మా బోర్డులో శాతం కట్టేటప్పుడు బెస్ట్ ఆఫ్ ఫైవ్ అని తక్కువ వచ్చిన సబ్జెక్టు ఒకటి వదిలేస్తారు. "లెక్కలు ఎలాగూ లెక్కలోకి రావమ్మా" అనేది. రాకపోయినా పాసవ్వాలి కదే, పదకొండులో సైన్సు అంటున్నావు కదే అంటే మూతి ముడుచుకునేది.

నేను చదివింది ఏడో తరగతి, అదీ తెలుగులో. నేర్పించే పని నా వల్ల కాదు. "చదివావా" అని అడగడం మానేసి, "ఈ వారం ఏ పాఠం, ఎన్ని లెక్కలు, ఎప్పటిలోగా?" అని శనివారం రాత్రి దానిచేతే కేలండర్ మీద రాయించేదాన్ని. సంఖ్య అదే వేసుకోవాలి. ఎనిమిదే అని వేసుకుంటే ఎనిమిదే, ఇరవై చెయ్యవే అని నేననను. మరుసటి శనివారం దాకా ఆ ఊసెత్తను. మొదట్లో ఎనిమిది అని రాసి మూడు చేసేది. తిట్టలేదు. మూడని పక్కన రాయమన్నాను, అంతే. తన చేత్తో మూడు అని రాసుకోవడం దానికి నా తిట్ల కన్నా గుచ్చుకుంది.

పుస్తకాలు మా ప్రభుత్వ పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి వెబ్‌సైటులో ఊరికే దొరుకుతాయి, గైడు కొనలేదు.

వంశధార_ఒడ్డున
మంచి ట్యూషన్ ఉంటే ఇన్ని తిప్పలెందుకండీ? నెలకి ఇంత అని పడేస్తే వాళ్లే చూసుకుంటారు. మా వాడికి బరంపురంలో హాస్టల్, ట్యూషన్ రెండూ పెట్టాం. పాసైతే బండి కొనిస్తానన్నాను.

జయపురం_అక్క
"వాళ్లే చూసుకుంటారు" అన్నారు చూడండి, జబ్బు అక్కడే ఉంది. బడిలో సారు చూసుకోవాలి, సాయంత్రం ట్యూషన్ సారు చూసుకోవాలి, ఇంట్లో నాన్న చూసుకోవాలి. పిల్లాడి వంతు ఎక్కడ? ట్యూషన్ వద్దనను. వాడు తన మూడు వాటాలూ వేసుకుని, "నాకు జ్యామితిలో ఈ రెండు పాఠాలకి మనిషి కావాలి" అని వాడే అడిగితే ఆ రెండు పాఠాల మటుకు పెట్టండి. ఎన్నాళ్లు, దేనికోసం అన్నది వాడే చెప్పాలి.

బడి సారే సాయంత్రం ఇంట్లో ట్యూషన్ చెప్తున్నాడనుకోండి, ఎనిమిదో తరగతి దాకా వర్తించే విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదనే అంటుంది. అందరూ పంపిస్తారు, అది వేరే సంగతి.

బండి మాటెత్తకండి, పదిహేనేళ్ల వాడికి లైసెన్సెవరిస్తారు?

గుణుపూర్_నాన్న
ఆదివారం కూర్చున్నాం. అక్క చెప్పినట్టే, "సార్ చెప్పట్లేదు, నిజమేరా" అన్నాను. వాడు నా మొహంలోకి అనుమానంగా చూశాడు, ఇందులో ఏదో మెలిక ఉందన్నట్టు. తర్వాత ప్రశ్నపత్రం తీసి రాసుకున్నాడు. గంట పైనే పట్టింది.

చెప్పనివి 22. చెప్పినా తను చెయ్యనివి 30. తెలిసీ తప్పు రాసినవి 17.

లెక్క తేలాక చాలాసేపు ఏమీ అనలేదు. "మొత్తం సారు వల్లే అనుకున్నాను" లాంటి మాటేదైనా వస్తుందేమోనని చూశాను, రాలేదు. "17 అయితే ఊరికే పోయాయి నాన్నా" అన్నాడు. నాకు ఆశ్చర్యం అనిపించింది ఆ 30 గురించి. వాటిలో ఎక్కువ పుస్తకంలో చేసి చూపించిన లెక్కల్లాంటివే, అంకెలు మార్చి ఇచ్చారంతే.

ఇప్పుడు ఆ 22 సంగతేంటి? జ్యామితికి మనిషే లేరు కదా.

జయపురం_అక్క
ఆ 22 మీ పని అన్నయ్యా, వాడిది కాదు. ఇది వాడికి గట్టిగా చెప్పండి. "ఖాళీ పోస్టు సంగతి నేను చూస్తాను, 47 నువ్వు చూడు." మీరు మీ వంతు చెయ్యకుండా వాడినే చెయ్యమంటే వాడు నమ్మడు.

ఒక్కరే వెళ్లకండి. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి రాతపూర్వకంగా ఇవ్వండి. "ఫలానా సారు చెప్పట్లేదు" అని రాస్తే అది మనిషి మీద గొడవ అవుతుంది, రేపు మీ పిల్లాడే క్లాసులో నలిగిపోతాడు. "ఫలానా నెల నుంచి తొమ్మిదో తరగతి జ్యామితికి ఉపాధ్యాయులు లేరు, ఇన్ని పీరియడ్లు ఖాళీ పోయాయి, తాత్కాలికంగానైనా ఎవరినైనా సర్దండి" అని రాయండి. ముందు హెడ్మాస్టారికి, కదలకపోతే బ్లాక్ ఆఫీసుకి, ఆపైన జిల్లా విద్యాధికారికి. ఒడిశా ప్రభుత్వానికి ఫిర్యాదులు పెట్టే జన సునాణి పోర్టల్ కూడా ఉంది. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకానే కాబట్టి తొమ్మిదికి ఆ సెక్షన్లు పట్టుకుని వెళ్తే "ఇది వర్తించదు" అని తిప్పి పంపేస్తారు. ఖాళీ అన్న మాట మీదే నిలబడండి. ప్రతి కాగితానికీ అందినట్టు సంతకం తీసుకోండి.

గెస్ట్_మాస్టారు
అక్క చెప్పింది సరైన దారి. మాలాంటివాళ్లకి కూడా అలాంటి కాగితమే మేలు. ఖాళీ ఉందని పైకి తెలిస్తేనే కదా మా నెత్తి మీంచి మూడో సబ్జెక్టు దిగేది.

పోస్టు నిండేలోగా జ్యామితి ఆగకూడదు. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో కొట్టి చూడండి. ఒడియాలో చెప్పే వీడియోలు యూట్యూబులో బోలెడు. తెలుగు చదవడం వస్తే ఆంధ్రా వాళ్ల ద్విభాషా పుస్తకాలు కూడా మంచివి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పాఠం అర్థం చేసుకోవడానికి వాటిని వాడి, లెక్కలు మాత్రం మన బోర్డు పుస్తకంలోవే చెయ్యాలి. వరస వేరుగా ఉంటుంది, పరీక్షలో వచ్చేది మనదే.

వీడియోలతో ఒక చిక్కుంది. చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. దీని మీద 2006లో రోడిగర్, కార్పికే అని అమెరికాలో ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివాక చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచెయ్యి. వారం ఆగి పెడితే తారుమారైంది, చూడకుండా రాసినవాళ్లు చాలా ముందున్నారు. మన పరీక్షలేమో వారాలు, నెలలు పోయాక వస్తాయి. అందుకని ఒక వీడియో, తర్వాత ఫోను అవతల పెట్టి తెల్ల కాగితం మీద ఆ లెక్క మొత్తం. ఆగిపోయిన చోట గీత గియ్యమనండి. ఆ గీతే రేపు సారుని అడగాల్సిన ప్రశ్న.

ప్లస్‌టూ_రాయగడ
మాస్టారు చెప్పిన తెల్ల కాగితం పద్ధతి మొదట్లో చిరాకుగా ఉంటుంది. ఎందుకంటే మనకేమీ రాదని తెలిసిపోతుంది. అప్పుడు అంకుల్ పక్కన ఉండి "చూశావా" అనకుండా ఉంటే చాలు.

నా దగ్గర తొమ్మిదో తరగతి జ్యామితి నోట్సు ఉంది, నా సొంతంగా చేసుకున్నది. కావాలంటే గుణుపూర్ బస్సులో పంపిస్తాను.

మహేంద్రగిరి
మరి ఫోను లాక్కోనే అక్కర్లేదంటారా?

బల్లార్షా_అమ్మ
మేం లాక్కోలేదండీ. వారం పని కేలండర్ మీద రాసుకున్నంత అయితే ఫోను దాని ఇష్టం. కాకపోతే హాల్లో, మా కళ్ల ముందు. లాక్కుంటే స్నేహితురాలి ఫోనులో చూసేది, ఆమాత్రం తెలివి ఉంది.

గుణుపూర్_నాన్న
కొన్ని వారాల తర్వాత చెప్తున్నాను. నలుగురం కలిసి కాగితం ఇచ్చాం. హెడ్మాస్టారు ముందు కాస్త మొహం చిట్లించినా తీసుకున్నారు. పోస్టు ఇంకా నిండలేదు. కానీ పదో తరగతికి చెప్పే సారుని వారానికి రెండు పీరియడ్లు తొమ్మిదికి పంపుతున్నారు.

మా వాడు బీజగణితం సారుని వరాండాలో పట్టుకుని అడిగాడట. మొదటిసారి "క్లాసులో ఏం చేస్తున్నావు" అని కసిరారు. ఇంకోసారి అడిగితే చెప్పారు. యూనిట్ టెస్టులో 25కి 13. పోయిన 12ని ఈసారి నేనేం చెప్పకుండానే వాటాలు వేసుకున్నాడు. ఒక ప్రశ్న దగ్గర మాత్రం మా ఇద్దరికీ పేచీ వచ్చింది. వాడు "చెప్పనిది"లో వేశాడు. అది నోట్సులో కనపడుతోందిరా అని నేను "చెప్పినా చెయ్యనిది"లోకి మార్చాను.

సైన్సు సంగతి అలాగే ఉంది, వాడు దాన్ని ఇంకా ముట్టుకోలేదు. లెక్కలయ్యాక చూస్తానన్నాడు. సరే అన్నాను, లోపల మాత్రం భయంగానే ఉంది.

జయపురం_అక్క
మార్చకుండా ఉండాల్సింది అన్నయ్యా. తప్పో ఒప్పో వాడి లెక్క వాడిది.

గుణుపూర్_నాన్న
నమస్తే. నేను నాన్న కాదు, నాన్న ఫోను నుంచి రాస్తున్నాను. నా మార్కులు ఇంతమందికి చెప్పారని ఇవాళే తెలిసింది, అది ఏం బాలేదు. ఆ ప్రశ్న సంగతి నేనే చెప్తాను. సమాంతర చతుర్భుజంలో కర్ణాలు ఒకదాన్నొకటి సమానంగా ఖండించుకుంటాయని నిరూపించాలి. కొత్త సారు బొమ్మ గీసి, రెండు త్రిభుజాలు సర్వసమానం అని రాసి వెళ్లిపోయారు. ఎందుకు సర్వసమానమో చెప్పలేదు. నోట్సులో ఉన్నది బొమ్మ మాత్రమే. కాబట్టి అది "చెప్పనిది"లోకే వస్తుంది. 4 మార్కులు.

గెస్ట్_మాస్టారు
బాబూ, నీ వాదన న్యాయంగానే ఉంది, ఆ నాలుగూ చెప్పనిదిలోనే వేసుకో. ఇక లెక్క చూడు. కర్ణాలు కలిసే చోట ఎదురెదురుగా ఉన్న రెండు త్రిభుజాలు తీసుకో. వాటి భూములు చతుర్భుజం ఎదురు భుజాలే, అవి సమానమని ముందే నిరూపించారు కదా. ఆ భుజాలు సమాంతరం కాబట్టి ఒక్కో కర్ణాన్నీ ఖండన రేఖ అనుకుంటే ఏకాంతర కోణాలు సమానం. రెండు కర్ణాలకి రెండు జతలు. అంటే కోణం, మధ్యలో భుజం, కోణం. ఆ నియమం పేరు నువ్వే రాయి. దాని తర్వాత ఏ భాగాలు సమానమవుతాయో కూడా నేను చెప్పను. పుస్తకం మూసి మొత్తం రాసి, ఎక్కడ ఆగావో రేపు ఇక్కడే పెట్టు.

గుణుపూర్_నాన్న
రేపు కుదరదు సార్, రేపు ఒడియా టెస్టు. ఎల్లుండి పెడతాను.